ఆరకముందే ఊడదీసిన వడియం

విశాలికి కోపం ఎక్కువని ఆమెను ఎరిగినవాళ్ళంతా అంటారు. నిజమే, ఎక్కువే. కానీ మూడేళ్ళపాటు ఒకే మాటని, అదీ నూటికి నూరుపాళ్ళూ నిజమైన మాటని, నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూంటే, విన్న ప్రతివాళ్ళూ బుద్ధిగా తలూపి, ఆనక వెళ్ళి సరిగ్గా దానికి అడ్డంగా చేస్తూంటే ఎవరికి మాత్రం రాదు? ఓర్పుకి పేరుపడ్డ భూదేవికే అప్పుడప్పుడు కంపం పుడుతుంది. విశాలి ఎంత?

ఆ మాట ఇదీ: పొడితో అచ్చువేసిన అల్యూమినియాన్ని, పోతపోసిన అల్యూమినియాన్ని కాల్చినట్టు కాల్చకూడదు.

అంతే. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవలసిందేముందని ఆమె బాధ.

విజయనగరం గంటస్తంభం దగ్గర మూడు తరాలుగా ఇత్తడి సామాన్ల కొట్టున్న నగరేశ్వరరావుకి, ఇత్తడి బిందెలు కొనేవాళ్ళు తగ్గిపోయిన రోజుల్లో, విశాఖపట్నంలో జరిగిన ఏదో ప్రదర్శనలో ఒక యంత్రం కనపడింది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి అల్యూమినియం పొడిని పలచగా పరిచి, కావలసిన చోట మాత్రం లేజరుతో కరిగించి, దాని మీద ఇంకో పొర, ఆపైన ఇంకో పొర, అలా మూసతో పనిలేకుండా వస్తువు తనంతట తానే లేచి నిలబడుతుంది. నగరేశ్వరరావు అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. ఊరి శివార్లలో షెడ్డు వేసి యంత్రాన్ని దింపించాడు. దింపించాక తెలిసింది, వస్తువు లేచి నిలబడితే సరిపోదు, ఫర్నేసులో పెట్టి తగిన పాకాన కాల్చాలని. ఆ పాకం తెలిసిన మనిషి కోసం వెతికితే, ఎచ్చెర్ల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లోహశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్న విశాలి దొరికింది. ఆమె పరిశోధన కూడా సరిగ్గా ఆ విషయం మీదే. అప్పటినుంచీ ఆమెది రెండు పడవల మీద కాళ్ళు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం బస్సు, సాయంత్రం షెడ్డు.

పోతపోసిన అల్యూమినియానికి టీ-సిక్స్ అని ఒక వైద్యం ఉంది. కరగడానికి కాస్త ఇవతలి దాకా కాల్చి, చటుక్కున నీళ్ళలో ముంచి, మళ్ళీ సన్నటి సెగన ఉంచుతారు. పోత సరుక్కి అది అమృతం. అచ్చు సరుక్కి మాత్రం విషం. లేజరు కరిగించిన లోహం రెప్పపాటులో గడ్డకడుతుంది కనక అందులో కలిపిన సిలికాన్ సన్నటి వలలా అల్లుకుపోయి ఉంటుంది. బలమంతా ఆ వలదే. టీ-సిక్స్ వేడికి ఆ వల తెగి ముద్దలు కట్టేస్తుంది. పొరల్లో చిక్కుకున్న వాయువు ఉబ్బి, పైన బొబ్బలు తేలతాయి. అందుకని విశాలి తనదైన పద్ధతి ఒకటి కుదిర్చింది. అంత వేడి వద్దు, అందులో సగం చాలు, నిదానంగా కాలాలి. అన్నిటికంటే ముఖ్యం, వస్తువు ఏ మందపాటి పళ్ళెం మీద లేచిందో ఆ పళ్ళెం మీదే ఉండగా కాల్చాలి. చల్లారాకే కోసి తియ్యాలి.

పొలాలకి మందు చల్లే డ్రోన్లు తయారుచేసే విశాఖపట్నం కంపెనీ ఒకటి, మోటారుని పట్టి ఉంచే బ్రాకెట్లు వీళ్ళ దగ్గర వేయించుకుంటోంది. వాళ్ళ డ్రాయింగ్ మీద ఏ మహానుభావుడో టీ-సిక్స్ అని రాసి పెట్టాడు. విశాలి రిపోర్టు పంపింది. 'డ్రాయింగ్‌లో ఉన్నట్టు చేయగలరు' అని జవాబొచ్చింది. గ్రాఫులు గీసి ఇంకో రిపోర్టు పంపింది. అదే జవాబు. సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటోలతో సహా పంపింది. జవాబులో ఒక్క అక్షరం మారలేదు. సరే, మీ ఖర్మ అనుకుని డ్రాయింగ్‌లో ఉన్నట్టే చేస్తే, రెండు లాట్లూ ఒళ్ళంతా బొబ్బలతో బయటికొచ్చాయి. నాణ్యత లేదని కంపెనీవాళ్ళే తిప్పి పంపారు. కొట్టేదీ వాళ్ళే, ఎందుకేడుస్తున్నావని అడిగేదీ వాళ్ళే.

చివరికి ఫోన్ల మీద ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తే, కంపెనీలో నాణ్యత చూసే రమేష్‌బాబు ఒక మెట్టు దిగాడు. "మీ పద్ధతిలోనే ఒక లాట్ వెయ్యండి మేడం. నేనే వచ్చి చూస్తాను. బాగుంటే డ్రాయింగ్ మార్పుకి సంతకం పెడతాను. బాగులేకపోతే ఇక ఈ మాట ఎత్తకండి" అన్నాడు.

నగరేశ్వరరావు కూడా దాచుకోకుండా చెప్పేశాడు. "అమ్మా, ఈ సంతకం పడిందా, నువ్వు సెప్పినట్టే నడుద్దాం. పడలేదా, హైదరాబాదు పార్టీ ఒకరు మెషీన్ అడుగుతున్నారు, ఇచ్చేస్తాను. ఇత్తడి బిందెలే నయం, బొబ్బలెక్కవు."

అంటే ఆ సంతకం మీద విశాలి మూడేళ్ళ చాకిరీ ఆధారపడి ఉంది. మెషీన్ వెళ్ళిపోతే ఆమె పద్ధతి కాగితం మీద మిగులుతుంది. కాగితాల సంగతి ఆమెకు అప్పటికే బాగా తెలిసింది.

లాట్ అచ్చయింది. పళ్ళెం మీద బ్రాకెట్లు వరసగా, చివరి వరసలో బలం చూడడానికి వేసిన కడ్డీలు, ఒక్క పొర చెదరకుండా ముచ్చటగా లేచాయి. రమేష్‌బాబు వచ్చేది మర్నాడు. సాయంత్రం ఫర్నేసులో పెడితే పొద్దుటికి చల్లారి సిద్ధంగా ఉంటాయి. సరిగ్గా ఆ రోజే కాలేజీలో విశాలికి పరీక్షల కాపలా పడింది. మార్చుకోవడానికి ఎవరినడిగినా, వాళ్ళింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు. కాపలా అనేసరికి ఆ కాలేజీలో అధ్యాపకుల బంధువులందరికీ ఒక్కసారి జ్వరం తగులుతుంది. చేసేదిలేక, రంపం మెషీన్ నడిపే లక్ష్ముడిని పిలిచి, పళ్ళెం మీది నుంచి ఒక్కటంటే ఒక్కటి కొయ్యొద్దని, తను వచ్చాక పళ్ళెంతో సహా ఫర్నేసులో పెడదామని గట్టిగా చెప్పి బస్సెక్కింది. లక్ష్ముడు అలాగేనన్నాడు.

పరీక్ష హాల్లో ఆ పూటంతా పిల్లల తలలకి బదులు ఆమెకి బ్రాకెట్లే కనిపించాయి. అయిపోగానే ఆన్సరు షీట్లు అప్పగించి, చిలకపాలెం జంక్షన్‌లో బస్సు పట్టుకుని, విజయనగరంలో దిగి, ఆటోలో షెడ్డు చేరేసరికి లోపల కరెంటు లేదు. అగరొత్తుల వాసన మాత్రం గుప్పుమంది.

గోడకి బిగించిన చెక్క మీద పైడితల్లి అమ్మవారి పటం. పటం ముందు తమలపాకులో, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన రెండు బ్రాకెట్లు. పక్కనే స్టూలు మీద కూర్చుని, కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని, నగరేశ్వరరావు తల్లి బుజ్జమ్మ. ఆవిడ ముఖంలో ఎంత తృప్తి!

విశాలి రంపం దగ్గరికి పరిగెత్తింది. పళ్ళెం మీద వరసలన్నీ బోడిగా ఉన్నాయి. చిట్టచివర ఒకే ఒక్క బ్రాకెట్టు, దాని పక్కన కడ్డీలు మాత్రం నిలబడి ఉన్నాయి. రంపం పళ్ళు ఆ చివరి బ్రాకెట్టుకి జానెడు ఇవతల ఆగిపోయి ఉన్నాయి. కోసిన బ్రాకెట్లన్నిటినీ లక్ష్ముడు నీటుగా తుడిచి బల్ల మీద పేర్చాడు. ఆమె ఒకదాన్ని తీసి, నున్నటి రాతి బల్ల మీద పెట్టి, వేలితో ఒక కొసని నొక్కింది. రెండో కొస పైకి లేచింది. ఇంకోటి పెట్టింది, అదీ ఊగింది. అన్నీ ఊగాయి. రెండు కొసలూ పైకి తేలి, నడుం కిందికి దిగి, ప్రతి ఒక్కటీ వంకరే.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

"లక్ష్ముడూ! ఎవరు కొయ్యమన్నారు నిన్ను?"

లక్ష్ముడు తల గోక్కున్నాడు. "మామ్మగోరు జత కావాలన్నారండి, అమ్మోరికి. జత కోసినాక ఎలగూ రంపం లోపలికెల్లిపోనాది గదా, మల్లీ బయటికి తియ్యడం ఎందుకని అలగే నడిపించీసినాను. కరెంటు పోబట్టి ఆ ఒక్కటీ మిగిలిపోనాదండి. వస్తాదిలెండి కరెంటు, అదీ కోసెత్తాను."

"దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తాను!"

అతని నోటమ్మట అంత ఓదార్పు రావడంతో ఆమెకు కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది. కానీ అక్కడున్న ముగ్గురిలో ఏడవగల తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు.

"అతన్నెందుకు తిడతావే, నేను సెప్పినాను కొయ్యమని" అంది బుజ్జమ్మ, స్టూలు మీది నుంచి కదలకుండానే. "మా మావగోరి నాటి నుంచీ ఉన్నాది ఈ పద్ధతి. కొత్త రకం సరుకు ఏది దిగినా, మల్లీ నిప్పు సూడకముందే జత తీసి అమ్మోరి ముందు పెట్టాల. నిప్పు సూసినాక పెడితే అది ఎంగిలి. ఆ రెండు లాట్లూ బొబ్బలెక్కినాయి, ఎందుకంతావు? నేను తీర్థాలకెల్లిపోతే, ఈల్లు అమ్మోరికి పెట్టకుండా పొయ్యిలో ఏసీసినారు. అందుకు."

"అందుకు కాదు మామ్మగారూ! టీ-సిక్స్ చేశారు కనక!"

"ఆ టీయేటో కాఫీయేటో నాకు తెల్దు. నాకు తెలిసింది నేను సేసినాను."

ఈ లోపల ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, కొట్టు నుంచి నగరేశ్వరరావు స్కూటరు మీద వచ్చాడు. రాతి బల్ల మీద బ్రాకెట్టుని తనూ ఊపి చూశాడు. తల్లివైపు చూశాడు, అమ్మవారి వైపు చూశాడు, ఇద్దర్నీ ఏమీ అనలేక ముఖం తుడుచుకున్నాడు. ఇంకో లాట్ వెయ్యడానికి పొడి లేదు. ఉన్నా, తెల్లారేలోపు అచ్చు కాదు. రమేష్‌బాబు రాకని వాయిదా వేద్దామంటే, ఆ మనిషిని ఈ మెట్టు దింపడానికే తలప్రాణం తోకకొచ్చింది.

కాసేపు అటూ ఇటూ తిరిగి నగరేశ్వరరావు గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక మాట. ఇవి ఇనప పట్టీల మధ్య బిగించి, బాగా కాలిస్తే తిన్నగా అవవా?"

"అవుతాయి" అంది విశాలి. "కాకపోతే అంత వేడికి మెత్తబడతాయి. బలం పోతుంది."

"బలం రమేష్‌బాబు ఏటి మీద సూస్తాడు? ఆ కడ్డీల మీద. బ్రాకెట్లని గేజీలో పెట్టి వంకర ఉందా లేదా అనే గదా సూసేది? కడ్డీల్ని నీ పద్ధతిలో కాల్చు. ఇవి బిగించి వేరే కాల్చు. అవి గట్టిగా ఉంటాయి, ఇవి తిన్నగా ఉంటాయి. సంతకం పడిపోద్ది. తరవాత లాట్ సరిగ్గా వేసుకుందాం. నీ పద్ధతి మంచిదేనని నీకు తెలుసు, నాకు తెలుసు. నడుమ జరిగింది పొరపాటు, మోసం కాదు గదా?"

విశాలి వెంటనే చీదరించుకోలేదు. ఆమెను మండించింది అదే. కడ్డీలూ బ్రాకెట్లూ ఒకే పళ్ళెం మీద, ఒకే ఫర్నేసులో, ఒకే సెగన కాలాలన్నది ఈ పనిలో మొదటి నియమం. బ్రాకెట్టుని విరిచి చూడలేం కనక, దాని తరపున కడ్డీ సాక్ష్యం చెబుతుంది. సాక్షిని వేరే గదిలో దాచి తర్ఫీదు ఇస్తే ఇంక అది సాక్ష్యమెలా అవుతుంది? అంతా తెలుసు. కానీ ఇత్తడి వ్యాపారి అరనిమిషంలో అల్లిన ఆ ఎత్తు పారుతుందని కూడా ఆమెకు తెలుసు. ఎవరికీ అంతుబట్టదు. నిజమైన పద్ధతిని ఒప్పించడానికి అబద్ధపు సరుకు చూపించాలిట. ఇదెక్కడి న్యాయం?

ఆమె బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. కరెంటొచ్చింది. లోపల ఫర్నేసు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెనకే బుజ్జమ్మ వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ పక్కన చతికిలబడింది.

"ఏటే, అలగ కూకున్నావు? నేను సేసిన పాడేటో నాకు సెప్పు. కొయ్యొద్దన్నావంట. కోస్తే ఏటైపోద్దో సెప్పకుండా ఎల్లిపోనావంట. నాకు తెలిస్తే అమ్మోరికి ఇంకో దారి సూసుకుందును గదా."

"ఏం చెప్పమంటారు మామ్మగారూ? రెసిడ్యువల్ స్ట్రెస్ అని చెప్పనా?"

"అది కాదు. మనిసికి సెప్పినట్టు సెప్పు."

విశాలి పళ్ళు కొరికింది. ఎదురుగా రోడ్డవతల ఎవరిదో డాబా మీద పాత చీర పరిచి ఉంది, దాని మీద తెల్లగా చుక్కలు. చిరాకులో ఏది కనపడితే అదే అందుకుంది.

"పిండివడియాలు పెడతారా మీరు?"

"పెట్టకేటి?"

"గుడ్డ మీద పెట్టినప్పుడు బల్లపరుపుగా ఉంటుంది కదా? పైపొర ఎండి ముడుచుకుపోవాలని చూస్తుంది. కింద గుడ్డ దాన్ని ముడుచుకోనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. నిండా ఆరకముందే మీరు ఊడదీశారనుకోండి?"

"ముడుచుకుపోద్ది. గరిటిలాగ అయిపోద్ది."

"ఇదీ అంతే! లేజరు కరిగించిన ప్రతి పొరా చల్లారి ముడుచుకోవాలని చూస్తుంది. కింద పళ్ళెం పట్టుకుని ఉంటుంది. లాగుడంతా లోపలే ఉండిపోతుంది. ఆ పళ్ళెం మీదే సన్నటి సెగన ఉంచితే లాగుడు వదులుతుంది. అప్పుడు కోస్తే తిన్నగా వస్తుంది. మీరు నా వడియాలన్నీ పచ్చిగా ఊడదీయించారు. అర్థమైందా?"

"ఓలమ్మ!" అంది బుజ్జమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని. "మరి ఆ టీ అన్నావు, అదేటి?"

"ఆ వడియాన్నే సలసలా కాగే నూనెలో వెయ్యండి."

"బొబ్బలెక్కిపోద్ది" అంది బుజ్జమ్మ. కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుని రోడ్డవతలి డాబా వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు విశాలికి తను చెయ్యవలసిందేమిటో తేలిపోయింది. బిగించి కాల్చిన బ్రాకెట్టు రేపు గేజీలో చక్కగా కూర్చుంటుంది. ఎల్లుండి డ్రోను కింద వేళ్ళాడుతుంది. అది ఎగిరేది పొలాల మీద, పొలాల్లో మనుషులుంటారు. అది ఒకటి. ఇంకోటి, నిజాయితీగా చెప్పాలంటే ఇదే పెద్దది, ఆమె అహం ఒప్పలేదు. మూడేళ్ళు తిరిగింది నిజం తన పక్కనుందన్న పొగరుతో. ఇప్పుడు ఆ నిజానికి అబద్ధాన్ని తోడు పిలిస్తే, ఇన్నాళ్ళూ ఎవరెవరినైతే తిట్టుకుందో వాళ్ళ పక్కన వెళ్ళి కూర్చోవలసిందే. సంతకం పోతే పోనీ అనుకుంది.

లోపలికెళ్ళి, వంకర బ్రాకెట్లనీ, చివరి బ్రాకెట్టూ కడ్డీలూ ఉన్న పళ్ళేన్నీ ఒకే ఫర్నేసులో పెట్టించింది. నగరేశ్వరరావు అడ్డుచెప్పలేదు. "నీ ఇష్టం తల్లీ" అని స్కూటరెక్కాడు. ఆ అనడంలో హైదరాబాదు పార్టీ నంబరు వినపడింది.

రమేష్‌బాబు మర్నాడు పొద్దున్నే దిగాడు. పుట్టింది సాలూరులోనే, లారీలు నడిపేవాళ్ళ ఇంట్లో. విశాఖపట్నం చేరాక మాటకి ఇస్త్రీ పెట్టుకున్నాడు. ఇడ్లీ తిని, కాఫీ తాగి, గేజీ బయటికి తీశాడు. మొదటి బ్రాకెట్టు కూర్చోలేదు. రెండోది కూర్చోలేదు. అలా కూర్చోనివన్నీ ఒక పక్కన గుట్టపడ్డాయి. పళ్ళెం మీది నుంచి అప్పుడే కోసిన చివరి బ్రాకెట్టు మాత్రం చటుక్కున దిగి కూర్చుంది. కడ్డీల గట్టిదనం చూస్తే టీ-సిక్స్ కడ్డీల కంటే చాలా మెరుగు.

"ఒక్కటి బాగుంటే లాట్ బాగున్నట్టు కాదు కదా మేడం" అన్నాడు.

"మిగతావాటిని కాల్చకముందే కోసేశారు. పొరపాటు మాదే" అని, విశాలి లాప్‌టాప్ తెరిచి గ్రాఫులు మొదలుపెట్టింది. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఒత్తిడి, ఎర్ర గీత, నీలం గీత. సూక్ష్మదర్శిని ఫొటోలు. సిలికాన్ వల. ఆమె చెబుతూంటే రమేష్‌బాబు ముందు తలూపాడు, తరవాత ఆవలించాడు, ఆ తరవాత బల్ల కింద ఫోన్ చూసుకున్నాడు. ఆమె మధ్యలో ఆగితే ఆగిందని కూడా గమనించలేదు.

"మీ కష్టం నాకర్థమైంది మేడం" అన్నాడు లేస్తూ. అర్థమైందనేవాళ్ళందరూ ఈ గొంతుతోనే అంటారు. "కానీ నేను పైవాళ్ళకి ఏమని చెప్పను? లాట్ వంకరగా ఉంది. డ్రాయింగ్‌లో ఉన్నట్టు టీ-సిక్స్ చేసి పంపండి. కుదరదంటారా, ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాం."

నగరేశ్వరరావు తల దించుకున్నాడు. విశాలికి అరవాలని ఉంది, ఏమని అరవాలో తెలియలేదు. అరవడానికి మిగిలిన మాటేదీ లేదు, అన్నీ అరిచేసింది.

అప్పుడు వెనకనుంచి బుజ్జమ్మ లేచొచ్చింది. చేతిలో రెండు బ్రాకెట్లు, ఒకటి వంకరది, ఒకటి తిన్ననిది. రెండింటినీ రాతి బల్ల మీద పక్కపక్కన పెట్టి, వంకరదాన్ని వేలితో నొక్కింది. అది టకటకమని ఊగింది.

"బాబూ, ఇటు సూడు. ఇది కోయించింది నేనే, ఆ అమ్మాయి కాదు. మీ అమ్మ పిండివడియాలు పెడతాదా?"

రమేష్‌బాబు తెల్లబోయాడు. "పెడతాది" అన్నాడు, ఇస్త్రీ మరిచిపోయి.

"ఆరకముందే ఊడదీస్తే ఏటవుద్ది?"

"ముడుచుకుపోద్ది. సిన్నప్పుడు పచ్చివి తినీయడానికి ఊడదీసి దెబ్బలు తినీవోల్లం."

"ఇదీ అదే. పొర మీద పొర ఏస్తే, ప్రతి పొరా ముడుచుకోవాలని సూస్తాది. కింద పళ్ళెం పట్టుకుని ఉంటాది, గుడ్డలాగ. పళ్ళెం మీదే ఉంచి సన్నగా కాలిస్తే ఆరినట్టు. అప్పుడు తీస్తే ఇలగ తిన్నగా వస్తాది. నేను పచ్చిగా ఊడదీయించినాను, అలగ వంకరైపోనాది. రెండూ ఒకే రోజు, ఒకే పొడి, ఒకే పొయ్యి. తేడా అదొక్కటే. ఆ టీ ఏదో అన్నావు, అది సేస్తే కాగే నూనిలో ఏసినట్టు. బొబ్బలెక్కిపోద్ది. నువ్వు తిప్పి పంపినావు గదా, ఎక్కినాయా నేదా?"

రమేష్‌బాబు తిన్నని బ్రాకెట్టు తీసుకుని చూశాడు. వంకరది తీసుకుని చూశాడు. అలమర మీద పడేసి ఉన్న పాత లాట్ బ్రాకెట్టు ఒకటి తనే లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. దాని బొబ్బల మీద బొటనవేలితో రాశాడు. మూడింటినీ వరసగా పెట్టాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"అంటే... వస్తువులో తప్పు లేదు. మేం చెయ్యమన్న కాల్చడంలోనే తప్పుంది" అన్నాడు మెల్లగా.

"మరదే గదా ఆవిడ మొత్తుకుంటున్నాది" అంది బుజ్జమ్మ.

రమేష్‌బాబు బ్యాగులోంచి కాగితం తీశాడు. ఈ లాట్‌ని ఒప్పుకోలేనన్నాడు, అది మాత్రం నియమం. కానీ డ్రాయింగ్ మారే దాకా టీ-సిక్స్ ఆపమని, మళ్ళీ లాట్ విశాలి పద్ధతిలోనే, పళ్ళెం మీదే కాల్చి వెయ్యమని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. మూడు బ్రాకెట్లూ పైవాళ్ళకి చూపించడానికి సంచీలో వేసుకున్నాడు. నగరేశ్వరరావు ఊపిరి పీల్చుకున్న చప్పుడు షెడ్డంతా వినపడింది. ఇంకోసారి కాఫీ పురమాయించాడు.

కాఫీ తాగుతూ రమేష్‌బాబు నిట్టూర్చాడు. "ఇంత చిన్న ముక్క మాకు ముందే తెలిస్తే రెండు లాట్లు పాడయేవి కావు మేడం. మాకెవరూ చెప్పలేదు."

విశాలి చివ్వున తలెత్తింది. "పంపిన ప్రతి రిపోర్టులోనూ రాశాను. మూడో పేజీలో."

"మూడో పేజీ దాకా ఎవరెళ్తారు మేడం?" అన్నాడు అతను, ఏ మాత్రం సిగ్గుపడకుండా. బుజ్జమ్మ వైపు తిరిగి, "అమ్మగారూ, మీకింత బాగా ఎలా తెలిసింది?" అని అడిగాడు.

"నాకేటి తెలుస్తాది నాయనా? నిన్న సాయంత్రం ఆవిడే సెప్పింది. తిట్టి మరీ సెప్పింది."

రమేష్‌బాబు కప్పు కింద పెట్టాడు. విశాలి వైపు తిరిగాడు. వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"మరి మాకెందుకు ఇలాగ సెప్పలేదు మేడం, మూడేళ్ళనుంచీ?"

మూడేళ్ళుగా కంపెనీ మీద, డ్రాయింగు రాసినవాడి మీద, నగరేశ్వరరావు మీద, లక్ష్ముడి మీద, నిన్నటికి నిన్న ఈ ముసలావిడ మీద నిప్పులు కురిపించిన కోపం, ఇప్పుడు వెళ్ళి పడడానికి ఎవరూ కనపడక విశాలి దగ్గరికే తిరిగొచ్చింది. అతను జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. ఆమె చల్లారిపోయిన కాఫీ తాగింది.